నలభై బొటనవేళ్లు, ఒక షిరుయీ

మనిషికి సొంత అభిప్రాయం ఎందుకండీ? వండుకోవడానికి పనికిరాదు, కట్టుకోవడానికి పనికిరాదు. అది ఉన్నవాడికి నిద్ర ఉండదు, వాడి పక్కింటివాడికి మనశ్శాంతి ఉండదు. అమెజాన్ నది ఒడ్డున మా ఇకితోస్ ఊరి ఉక్కపోతకి తల అసలే ఉడికిపోతూ ఉంటుంది. అందులో ఆలోచన కూడా పడేస్తే ఇంకేమైనా మిగులుతుందా?

అందుకే నేను ఆలోచించడం మానేశాను. నా బదులు మా వీధి ఆలోచిస్తుంది. వీధి బదులు విల్ఫోర్ ఆలోచిస్తాడు. విల్ఫోర్ బదులు ఎవరు ఆలోచిస్తారో నాకు తెలియదు. అడగడం మర్యాద కాదు.

ఈ జ్ఞానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా ముందుగదిలో, టీవీ పక్కన, గాజుతొట్టిలో దొరికింది. అందులో తొమ్మిది షిరుయీలు ఉండేవి. షిరుయీ అంటే మా వాగుల్లో అడుగున తిరిగే బుల్లి జెల్ల. బొటనవేలంత ఉంటుంది. మూతికి మీసాలు, ఒంటికి గట్టి పెంకులు. చూడటానికి రిటైరైన పోలీసాయనలా గంభీరంగా ఉంటుంది గానీ, ఉన్నట్టుండి కన్ను కొడుతుంది. నిజమండీ! మా ఆవిడ నెలిదా మొదటిసారి అది చూసి సిగ్గుపడి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

ఆ తొమ్మిదింటినీ గంటలకొద్దీ చూశాను. ఒకటి ఎడమకి తిరిగితే తొమ్మిదీ ఎడమకే. ఒకటి ఆకు కింద ముక్కు పెడితే తొమ్మిది ముక్కులూ ఆ ఆకు కిందే. మిగతా తొట్టి అంతా ఖాళీగా ఉన్నా సరే! ఒకటి పైకి దూసుకెళ్లి గుక్కెడు గాలి మింగి వచ్చిందనుకోండి, సరిగ్గా అదే క్షణంలో మిగతా ఎనిమిదికీ ఊపిరాడటం మానేస్తుంది. గొడవ లేదు, ఓటింగ్ లేదు, అసమ్మతి వర్గం లేదు. ఇంతకంటే గొప్ప పరిపాలన ఎక్కడైనా ఉందా?

ఒక్క విషయం మాత్రం అప్పట్లో నాకు నచ్చలేదు. అవి తిరిగే ముందు పక్కదాని డొక్కలో చిన్న పోటు పొడుస్తాయి. ఏదైనా ఒకటి రాయి వెనక చిక్కుకుని వెనకబడితే, మరొకటి పనిగట్టుకుని వెళ్లి దాన్నీ ఓ పోటు పొడిచి వెంటబెట్టుకొస్తుంది. అనవసరమైన శ్రమ అనిపించింది. వచ్చేవి వస్తాయి, రానివి మానేస్తాయి. ప్రతిదాన్నీ పొడుచుకుంటూ కూర్చుంటే గుంపు ముందుకు ఎలా సాగుతుంది?

ఇప్పుడు మా పిహువాయో సందు గురించి చెప్పాలి. నలభై ఒక్క ఇళ్లు. నలభై ఒక్క ఇళ్లకీ కలిపి ఫోన్లో ఒక గ్రూప్. దానికి అడ్మిన్ విల్ఫోర్. నాలుగు మోటోకార్రోల ఓనరు. అంటే మూడు చక్రాల బళ్లు. ఆయన ఒక మెసేజ్ పెడతాడు, మేమంతా దాని కింద బొటనవేలు బొమ్మ పెడతాం. అంతే! ఇంత సుఖం రాజులకైనా ఉండేదా?

విల్ఫోర్ తన తలుపుకి ఆకుపచ్చ రంగు వేయించాడు. నెల తిరక్కుండా వీధంతా ఆకుపచ్చ. మా ఎదురింటాయన ఓ మధ్యాహ్నం ఎండలో కళ్లు చెదిరి మా ఇంట్లోకి వచ్చి, చొక్కా విప్పి, మా ఉయ్యాలమంచంలో పడుకుని, నెలిదాని కాఫీ అడిగాడు. ఆవిడ ఇచ్చింది కూడా. ఒకసారి విల్ఫోర్ 'రేపు ఉదయం ఏడింటికి' అని సగం టైపు చేసి పొరపాటున పంపేశాడు. నలభై బొటనవేళ్లు! మర్నాడు ఏడింటికి వీధంతా స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, గుమ్మాల్లో నిలబడింది. ఎనిమిదింటి దాకా నిలబడి లోపలికి వెళ్లిపోయాం. కార్యక్రమం చాలా బాగా జరిగిందని అందరూ అనుకున్నారు. వాళ్ల మామగారు పోయారని పెట్టినప్పుడు కూడా బొటనవేళ్లే. ఐకమత్యంలో కొన్ని తొందరపాట్లు ఉంటాయి మరి.

అక్వేరియం కూడా అలాగే వచ్చింది. విల్ఫోర్ కొన్నాడు కాబట్టి అందరం కొన్నాం. ఊరి అవతల ఖరీదైన దుకాణం. ఏసీ కూడా ఉంది. తొమ్మిది షిరుయీల్ని ప్లాస్టిక్ సంచీలో పోసి, రంగురంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. మా వీధి వెనకే వాగు ఉంది. ఆ వాగు నిండా షిరుయీలే. మా వీధి చివర ఎర్మిలా అక్క రోజూ పొద్దున్నే వాటిని చేతివలతో పట్టి, బకెట్లో వేసుకుని, విల్ఫోర్ బండెక్కి ఆ దుకాణానికే అమ్ముతుంది. ఆ చేపల్నే మేము మళ్లీ విల్ఫోర్ బండెక్కి ఇంటికి తెచ్చుకున్నాం. రానూపోనూ బాడుగ ఆయనకే. ఇందులో తప్పేముంది? చేపలకి కాస్త ఊరు చూసినట్టయింది.

అంతా ఇలా సవ్యంగా సాగుతుండగా మా ఆవిడ పెద్దమ్మ ఊడిపడింది.

ఆవిడ పేరు అశూకా. నాకు వరసకి పెద్దత్తయ్య. నది ఎగువన రెండు రోజుల పడవ ప్రయాణం వాళ్ల ఊరు. కళ్లు చూపించుకోవడానికి వచ్చింది. ఆవిడకి ఫోన్ లేదు, గ్రూప్ లేదు, దేవుడి దయవల్ల మొహమాటం కూడా లేదు. ఇంకో అలవాటు ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మోచేత్తో మన పక్కటెముకల్లో పొడుస్తుంది. వాక్యానికి ఒక పోటు. ప్రశ్న అయితే రెండు.

వచ్చిన మర్నాడు ఆవిణ్ని ఇంట్లో ఉంచి, నేనూ నెలిదా విల్ఫోర్ ఇంటి ముందుకి వెళ్లాం. ఆయన కొత్త టీవీ కొన్నాడు. వీధంతా నిలబడి దాన్ని చూసింది. ఇంకా ఆన్ చేయలేదు. అయినా అందరూ చూస్తున్నారని మేమూ చూశాం. ఇంటికి తిరిగొచ్చేసరికి గుమ్మంలోకే ఘుమఘుమలు! బొగ్గుల మీద ఆకుపొట్లాలు కాలుతున్నాయి. లోపల కొత్తిమీర, మిరపకాయ, ఇంకేదో. పెద్దత్తయ్య మొహం వెలిగిపోతోంది.

"ఏం మర్యాదయ్యా మీది! నేనొస్తున్నానని చేపల్ని బతికుండగానే తొట్టిలో ఉంచారే! మా ఊళ్లో కూడా చుట్టాలకి ఇంత చెయ్యరు."

నెలిదా తొట్టి వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

"కానీ అల్లుడూ," పోటు, "ఇంతింత పిల్లల్నా ఉంచేది? పట్నంలో చేపలక్కూడా తిండి పెట్టరా?" పోటు, ఇంకో పోటు. "ఎనిమిది దొరికినయ్. తొమ్మిదోది రాయి కింద దూరింది, దొంగముండ. నీళ్లలో దీపమెందుకు పెట్టారు? చీకట్లో పట్టుకోడానికా?"

ఏం చెప్పమంటారు? మా పెంపుడు జంతువుల్ని తమరు కాల్చేశారని చెప్పనా? చుట్టం మనసు కష్టపెట్టనా? నెలిదా తింది. పెద్దత్తయ్య తింది. ఇంట్లో అందరూ తింటుంటే నేనొక్కణ్నే చెయ్యి కడుక్కుని కూర్చుంటే ఏం బాగుంటుంది? తిన్నాను. పెంకు ఒలవడం కష్టం గానీ, రుచికి వంక లేదు. కన్ను కొట్టేది ఏదో తెలిస్తే దాన్ని మాత్రం వదిలేసేవాణ్ని.

మిగిలిన ఆ ఒక్కటీ రాయి కిందనుంచి రాలేదు. మర్నాడూ రాలేదు. మేత వేస్తే ముట్టలేదు. గాలి మింగడానికి పైకి వెళ్లేది, అక్కడ ఆగి అటూ ఇటూ చూసుకునేది, మళ్లీ దిగి మూలకి చేరేది. దుకాణం వాళ్ల కాగితం తీసి చదివాను. అవునండీ, చదవడం కూడా అప్పుడే. అందులో పెద్ద అక్షరాలతో ఉంది: 'ఈ చేపలను ఆరుకు తగ్గకుండా పెంచవలెను. ఒంటరిగా ఉంచినచో తిండి మానేసి చచ్చిపోవును.'

చేప చస్తే నాకేమిటని మీరనవచ్చు. వీధిలో నలభై తొట్లున్నాయి. మా ఇంట్లో మాత్రం ఖాళీ తొట్టి ఉంటే పరువేం కావాలి? ఆదివారం పొద్దున్నే డబ్బా పట్టుకుని ఎర్మిలా అక్క దగ్గరికి బయల్దేరాను.

ఆవిడ ఇల్లు వాగు ఒడ్డున కర్రల మీద నిలబడి ఉంటుంది. వరద వచ్చినప్పుడు నీళ్లు ఇంటి కిందనుంచి వెళ్లిపోతాయి. భర్త పోయాక ఆవిడ, ఆవిడ వల, ఆ వాగు. మెట్టు మీద కూర్చుని వల చిరుగు కుట్టుకుంటోంది.

"అక్కా, ఓ ఆరు షిరుయీలు కావాలి."

"ఆరేం ఖర్మ తమ్ముడూ, అరవై పట్టుకుపో. వచ్చే నెల నుంచి ఎలాగూ ఉండవుగా."

"ఎందుకుండవు?"

ఆవిడ సూది ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నాటకాలా, నిజంగానే తెలీదా?"

"దేవుడి తోడు, తెలీదక్కా."

"వాగు పూడ్చేస్తున్నారుగా. విల్ఫోర్ బళ్లు పెట్టుకోడానికి జాగా కావాలంట. వీధంతా ఒప్పుకుందంట. పైన మున్సిపాలిటీ ఆఫీసులో కాగితం కూడా ఇచ్చేశారు. నా ఇల్లు తీసేయాలంట."

"వీధంతా ఎవరక్కా? నేనొప్పుకోలేదే! ఇంత అన్యాయానికి నేనొప్పుకుంటానా?"

"ఏదీ, ఆ ఫోన్ తియ్యి."

తీశాను. చదవని మెసేజ్‌లు రెండొందల పన్నెండున్నాయి. వేలితో పైకి తోసుకుంటూ వెళ్లాను. దొరికింది. 'వీధి వెనక పనికిరాని మురుగును పూడ్చి పార్కింగ్ చేద్దామా?' మొదటి బొటనవేలు విల్ఫోర్‌దే. రెండోది వాళ్లావిడది. మూడోది నాది. పదకొండు నిమిషాల్లో నలభై పడ్డాయి.

దాని కింద ఎర్మిలా అక్క గొంతుతో ఒక మెసేజ్ ఉంది. నొక్కాను. మెట్టు మీద కూర్చున్న ఎర్మిలా అక్క నోరు విప్పకుండానే మాట్లాడింది. 'అయ్యా, అమ్మా, వాగు పూడిస్తే నేనెక్కడికి పోవాలి? నది పొంగితే ఆ నీళ్లెటు పోవాలి? కాస్త ఆలోచించండయ్యా.' దాని కింద ఒక్క వేలూ లేదు. ఆ తర్వాత విల్ఫోర్: 'మన ఐకమత్యాన్ని చెడగొడుతున్న సభ్యురాలిని తీసేద్దామా?' మళ్లీ నలభై. ఇందులో నాది ఐదోది. కాస్త ఆలస్యమైంది. గడ్డం గీసుకుంటూ ఉండి ఉంటాను.

"ఆ రోజు నుంచి ఫోన్ మోగలేదు తమ్ముడూ," అంది ఆవిడ వల వైపు చూస్తూ. "చెడిపోయిందేమో అనుకున్నా. రిపేరు షాపుకి పట్టుకెళ్తే శుభ్రంగా ఉందన్నాడు. అప్పుడర్థమైంది."

నేను డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాను.

"ఆఫీసుకెళ్లి చెప్పలేకపోయావా అక్కా?"

"వెళ్లా. ఒక్కళ్ల అభ్యంతరం తీసుకోరంట. ఆరిళ్ల సంతకాలుండాలంట. మంగళారం మధ్యాన్నం లోపు ఇవ్వాలి. ఆరిళ్లు నేనెక్కణ్నించి తేను? నాతో మాట్లాడితే వాళ్లనీ గ్రూపులోంచి తీసేస్తారని, నన్ను చూడగానే తలుపులేసుకుంటున్నారు."

ఆరు! ఆఫీసు వాళ్లు కూడా ఆ దుకాణంలోనే కాగితం తెచ్చుకున్నారా ఏమిటి?

దారిలో మా తాత గుర్తొచ్చాడు. ఆయనకి చదువు రాదు. అడవిలో రబ్బరు పాలు తీయించే దొరలు కాగితం పెడితే, చదవగలిగిన ముగ్గురి చేత మూడుసార్లు చదివించుకుని, రాత్రంతా దాని మీద పడుకుని, పొద్దున్నే వేలిముద్ర వేసేవాడట. ఒక్కోసారి వేయకుండా అడవిలోకి పారిపోయేవాడట. నేను పెద్ద చదువులు చదివాను, వారం వారం ఈ పత్రికలో రాస్తున్నాను. ఒక్క ముక్కా చదవకుండా బొటనవేలు పెట్టాను. మా వంశం ఎంత అభివృద్ధి చెందిందో చూశారా!

ఇంటికొచ్చి ఆరు షిరుయీల్ని తొట్టిలో వదిలాను. రాయి కిందనుంచి మూతి బయటికొచ్చింది. కొత్తవాటిలో ఒకటి వెళ్లి దాని డొక్కలో పొడిచింది. అంతే, అది బయటికొచ్చి, పైకి వెళ్లి గాలి మింగి, మేత తినడం మొదలుపెట్టింది. మిగతావాటితో కలిసి ఎడమకి కూడా తిరిగింది. నాకెందుకో కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయలు అనుకోండి.

పెద్దత్తయ్యకి విషయం చెప్పాను. ఆవిడ తొట్టిలో ఏడింటినీ ఓసారి లెక్కపెట్టుకుని, ఆకలిని ప్రస్తుతానికి వాయిదా వేసి, నా వైపు తిరిగింది.

"వాగు పూడిస్తే వరద నీళ్లెటు పోతాయి అల్లుడూ?" రెండు పోట్లు.

"ఆ విషయం గ్రూపులో చర్చకి రాలేదు పెద్దత్తయ్యా."

"చర్చేంటయ్యా? నీ వంటింట్లోకి పోతాయి. నీ పొయ్యి మీదెక్కుతాయి. నది దగ్గర పుట్టినోడివి, ఆ మాత్రం తెలీదా?" మూడు పోట్లు. "కొంప ములుగుతుందంటే అర్థం కాదా?"

అందరూ కలిసి మునిగితే అందులో ఒక ఆనందం ఉందని వాదించబోయాను గానీ, పక్కటెముకలు అడ్డొచ్చాయి. కాగితం రాశాను. ఎర్మిలా అక్క మొదటి సంతకం, నాది రెండోది. నాది నేను స్వచ్ఛందంగానే పెట్టాను. పెడుతున్నంత సేపూ పెద్దత్తయ్య మోచెయ్యి నాకు తగులుతూ ఉందన్నది వేరే సంగతి.

సోమవారం ఆవిడ కాగితం చంకలో పెట్టుకుని వీధిలోకి దిగింది. నేను కలం మోశాను. ఆవిడకి ఏ తలుపు ఎవరిదో తెలియదు. అన్నీ ఆకుపచ్చవే కదా. ఎదురొచ్చిన తలుపల్లా కొట్టింది. తెరవగానే కాలు లోపల పెట్టి, పోటుతో పాటు అదే ప్రశ్న. "వాగు పూడిస్తే వరద నీళ్లెటు పోతాయి?"

రొట్టెల కొట్టాయన మొదట "విల్ఫోర్ ఏమంటే అదేనమ్మా" అన్నాడు. రెండో పోటుకి తన పిండి బస్తాలు నేల మీదే ఉంటాయని గుర్తొచ్చి సంతకం పెట్టాడు. బట్టలు కుట్టే ఆవిడ మిషన్ వైపు చూసుకుని పెట్టింది. క్షవరం చేసే ఆయన ఒక్క పోటు కూడా పడకుండానే పెట్టాడు. "నాకూ ముందే అనిపించిందమ్మా, ఎవరూ అనట్లేదని ఊరుకున్నా" అన్నాడు. ఆ మాట ఆ రోజు మేం తొమ్మిది గుమ్మాల్లో విన్నాం. అందరికీ ముందే అనిపించిందట! అనిపించిన తొమ్మిదిమందిలో సంతకం పెట్టింది ముగ్గురే. మిగతా ఆరుగురూ ఇంకెవరైనా పెట్టాక రమ్మన్నారు.

ఐదు సంతకాలయ్యాయి. ఆరోది ఎక్కడ? పెద్దత్తయ్య తెలియక తట్టిన తలుపు విల్ఫోర్ అత్తగారిది. పేరు దోరిలా. నేను కలం జేబులో పెట్టుకుని పారిపోదామనుకున్నాను. ఆవిడ అంతా విని, కళ్లజోడు పెట్టుకుని, కాగితం మొత్తం చదివింది. మా వీధిలో ఆ కాగితం చదివిన మొదటి మనిషి ఆవిడే.

"ఇది మా అల్లుడికి నష్టమా?" అని అడిగింది.

"కొంచెం నష్టమేనండీ," అన్నాను గొణుగుతూ.

"ఎక్కడ పెట్టాలి?"

కూతురి పెళ్లయిన ఈ పదకొండేళ్లుగా ఇలాంటి కాగితం కోసమే ఎదురుచూస్తున్నట్టు, పేరు కింద గీత కూడా గీసి మరీ పెట్టింది.

మంగళవారం పొద్దున్నే ఆరు సంతకాలతో ఆఫీసుకి బయల్దేరదామని తలుపు తీశాను. గుమ్మంలో జనం! దోరిలా సంతకం పెట్టిందన్న వార్త పాకిపోయింది. విల్ఫోర్ అత్తగారు పెట్టిందంటే విల్ఫోర్ పెట్టమన్నట్టే కదా! విల్ఫోర్ పెట్టమంటే ఇంకా పెట్టకపోవడమేమిటి, అపచారం! పదిన్నర లోపు నలభై సంతకాలు. కాగితంలో ఏముందని ఒక్కరూ అడగలేదు. చివర్లో విల్ఫోర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వీధంతా ఒక పక్కన, తనొక్కడే ఒక పక్కన. ఆ మొహం చూస్తే రాయి కింద చేరిన నా షిరుయీ గుర్తొచ్చింది.

"ఏంటిది ఎడిల్బెర్తో? అందరూ దేనికి పెడుతున్నారు?"

"అందరూ పెడుతున్నారన్నా."

"అవునా? మరి నాకు చెప్పరేం!" అంటూ కలం లాక్కుని, తన ప్రతిపాదన మీద తనే అభ్యంతరం తెలిపి, కింద సెల్ నంబరు కూడా రాశాడు.

కాగితం ఆఫీసులో ఇచ్చాం, మధ్యాహ్నానికి పూడ్చే ప్రతిపాదన ఆగిపోయింది. చూశారా నేను చెప్పింది? ఆలోచించకుండా గుంపుగా వెళ్లడంలో ఎంత మేలుందో! ఆలోచించే జనమైతే ఒక వాగుని కాపాడటానికి ఇరవై ఏళ్లు పట్టేది. మాకు రెండున్నర గంటలు పట్టింది.

సాయంత్రానికి గ్రూపులో విల్ఫోర్ ఫొటో వచ్చింది. వాగు ఒడ్డున నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కింద 'వాగును కాపాడుకున్న మన ఐకమత్యానికి జోహార్లు!' నలభై బొటనవేళ్లు. నాది పన్నెండోది. ఈ మధ్య కాస్త తగ్గించుకున్నాను.

మర్నాడు ఎగురుకుంటూ ఎర్మిలా అక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ అదే మెట్టు మీద, అదే వలతో ఉంది.

"అక్కా! వీధంతా పెట్టేశారు! విల్ఫోర్‌తో సహా!"

"విన్నా. ఎందుకు పెట్టారంట?"

"దోరిలా పెట్టిందని."

"మరి రేపు దోరిలాకి కోపమొచ్చి పూడ్చమంటే?"

నేను వాగు వైపు చూశాను. నీళ్లు బాగా తేటగా ఉన్నాయి. దాని గురించి ఏదో అన్నాను కూడా.

"నా ఇల్లు నిలబడింది, అది చాల్లే తమ్ముడూ," అంది ఆవిడ. "కానీ నిన్న సాయంత్రం వీధంతా ఇక్కడికే వచ్చింది. ఫొటోలు దిగారు. ఈ మెట్టు మీదెక్కి దిగారు. కాస్త పక్కకి జరగమన్నారు, ఫొటోలో అడ్డమొస్తున్నానని. జరిగా. ఒక్కళ్లన్నా, ఏమ్మా, ఎలా ఉన్నావ్ అంటారేమోనని చూశా."

"గ్రూపులో మళ్లీ చేర్చారా అక్కా?"

ఆవిడ జాకెట్టు లోపలినుంచి ఫోన్ తీసి, తుడిచి, తెర చూసి, మళ్లీ లోపల పెట్టుకుంది. "మోగితే తెలుస్తుందిగా. ఛార్జింగ్ మాత్రం రోజూ పెడుతూనే ఉన్నా."

అక్కడినుంచి ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. తొట్టి ముందు కూర్చున్నాను. ఏడూ కలిసి ఎడమకి తిరిగాయి. ఒకటి పైపు వెనక చిక్కుకుని వెనకబడింది. ఆరూ అలాగే వెళ్లిపోతాయనుకున్నాను. రెండు వెనక్కి తిరిగొచ్చి, దాని డొక్కలో పొడిచి, తీసుకెళ్లాయి. ఇన్నాళ్లూ ఆ గుంపుని చూసి నేను నేర్చుకున్నది ఎడమకి తిరగడం ఒక్కటే. ఆ పోటు అనవసరమైన శ్రమ అని మీకు పైన రాశాను కదా? అది కొట్టేయండి.

గ్రూపులో పెట్టడానికి ఒక మెసేజ్ టైపు చేశాను. 'ఎర్మిలా అక్కకి క్షమాపణ చెప్పి మళ్లీ చేర్చుకుందాం.' తప్పుల్లేకుండా ఉంది. ఈ రోజు శుక్రవారం. రెండు రోజులుగా అది నా ఫోన్లోనే ఉంది. పంపలేదు. వీధిలో అందరికీ ఇదే అనిపిస్తోందని నాకు గట్టి నమ్మకం. ఎవరో ఒకరు మొదట పంపితే రెండో బొటనవేలు నాదే. మాట తప్పను!

ఒక్కటే బెంగ. పెద్దత్తయ్య రేపు పడవెక్కుతోంది. కళ్లు బాగయ్యాయి. ఇంకో వారం ఉండమని బతిమాలాను. ఇంత మంచి చేపలు మళ్లీ పట్టించి పెడతానన్నాను. తొట్టిలో ఏడింటినీ చూపించాను కూడా, సిగ్గు లేకుండా. ఆవిడ మూట కట్టుకుంటూ నా చేతిలో ఉన్న ఫోన్ చూసింది, నా మొహం చూసింది. ఈసారి పొడవలేదు.

"నేనెందుకయ్యా? నీకు మోచెయ్యి లేదా అల్లుడూ?"

ఉందండీ. రెండున్నాయి. వీధిలో ఎవరు ముందు వాడతారా అని చూస్తున్నాను.